కలిపి కొట్టరా కావేటి రంగా!

వంట గురించి రాస్తే అది సాహిత్య విమర్శ ఎలా అవుతుందని ఎవరైనా అడగవచ్చు. ఈ మధ్య హోటళ్ళలో మన చేతికిచ్చే మెనూ కార్డులు చదివినవాళ్ళు మాత్రం అడగరు. వాటిలో వర్ణనలున్నాయి, ఉపమానాలున్నాయి, సస్పెన్సు వుంది. చివర బిల్లు రూపంలో విషాదాంతం కూడా వుంది. నవలలు రాసుకునే నేను వాటిని సమీక్షిస్తే తప్పు లేదనుకుంటాను.

హైదరాబాదు నుంచి మొయినాబాదు మీదుగా చేవెళ్ళ వెళ్ళే దారికి మర్రిచెట్ల వల్ల పేరొచ్చింది. ఇప్పుడు ఆ దారి పొడుగునా రిసార్టులు, ఫామ్‌హౌసులు, వాటి మధ్య 'ఫ్యామిలీ రెస్టారెంట్లు'. చిలుకూరు బాలాజీ దర్శనం చేసుకుని, పిల్లాపాపలతో అక్కడ భోజనానికి దిగే సంసారాలు ఎన్నో. ఆ స్వామికి వీసా బాలాజీ అని కూడా పేరు. పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకుంటారు, కోరిక తీరాక వచ్చి నూట ఎనిమిది చేస్తారు. అలా వెళ్ళిన పిల్లలు అమెరికాలో వున్నన్నాళ్ళూ ఆవకాయ కోసం కలవరిస్తారు. సెలవులకు వచ్చి మొయినాబాదులో పాస్తా అడుగుతారు. దేవుడు కూడా ఏం చేస్తాడు పాపం!

ఇలాంటి హోటళ్ళలో కార్డు తెరిస్తే షెజ్వాన్ దోస, చీజ్ పెసరట్టు, పనీర్ టిక్కా పిజ్జా, జొన్నరొట్టె టాకో. దీనికంతకీ కలిపి పెట్టిన ముద్దుపేరు ఫ్యూజన్. మన పెద్దవాళ్ళు చూసి వుంటే 'కలిపి కొట్టరా కావేటి రంగా' అని ఒక్కమాటలో తేల్చేసేవారు.

అయితే కలపడమే నేరమని నేననను. అలా అంటే ముందు మన వంటింటికే తాళం వెయ్యాలి. గుంటూరు కారమని గొప్పలు చెప్పుకుంటామే, ఆ మిరపకాయ మనది కాదు. 1498లో వాస్కోడగామా వచ్చాక, పోర్చుగీసువాళ్ళ ఓడల్లో అమెరికా ఖండం నుంచి వచ్చింది. అంతకుముందు మన నాలుకకు కారమంటే మిరియమే. టొమాటో, ఆలుగడ్డ, వేరుశనగ కూడా అక్కడి చుట్టాలే. ఇవాళ టొమాటో లేకుండా చేవెళ్ళ కూరగాయల బండిని ఊహించుకోగలమా? పెళ్ళిళ్ళలో లొట్టలు వేసుకుంటూ తినే డబల్ కా మీఠా ఏమిటి? పాశ్చాత్యుల డబల్ రొట్టె మన నేతిలో వేగి, పాలల్లో, పాకంలో నానడమే కదా. దాన్ని ఎవరూ ఫ్యూజన్ అనలేదు. మీఠా అన్నారు, తిన్నారు.

మంచూరియా కథ ఇంకా తమాషాగా వుంటుంది. మంచూరియా అనే ప్రాంతం చైనాకు ఈశాన్యాన వున్నమాట నిజమే. కానీ అక్కడివాళ్ళకు ఈ వంటకం తెలియదు. కలకత్తాలో పుట్టిన చైనా సంతతి వంటవాడు నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయిలో దీన్ని తయారుచేశాడని చెబుతారు. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి మనవి, సోయా సాసు వాళ్ళది. ఆయనకు రెండు వంటలూ తెలుసు, ఎదుట కూర్చున్నవాళ్ళ నాలుకా తెలుసు. అందుకే అది నిలిచింది. తర్వాత గోబీ దొరికిన ప్రతి సందులోనూ మంచూరియా పుట్టింది.

ఇక మన సంగతి. రాత్రి మిగిలిన ఇడ్లీలు పొద్దున ఉప్మా అవుతాయి. మిగిలిన చపాతీలు సన్నగా తరిగి, క్యాబేజీ వేసి వేయిస్తే సాయంత్రానికి నూడుల్స్ అవుతాయి. ఇంట్లో మనం చేస్తే దాని పేరు 'మిగిలింది'. అదే హోటలువాడు తెల్లటి పళ్ళెంలో మధ్యన పెట్టి, పైన రెండు కొత్తిమీర ఆకులు తగిలిస్తే, అబ్బో, కొత్త ప్రయోగం! మెచ్చుకునే శ్రీవారు కూడా ఒకరే కావడం ఇందులో విశేషం.

మరి నా అభ్యంతరమల్లా ఎక్కడ? జొన్నరొట్టె దగ్గర. జొన్నపిండిలో గోధుమపిండికుండే జిగురు వుండదు. వేడినీళ్ళతో కలిపి, పీటమీద అరచేత్తో కొడుతూ, అంచు పగలకుండా గుండ్రంగా తిప్పుతూ పలచన చెయ్యాలి. ఆ చేతివాటం ఏ పుస్తకంలోనూ దొరకదు, తల్లి పక్కన కూర్చుని నేర్చుకోవలసిందే. పెనంమీద నుంచి దిగిన రొట్టెకు కాస్త తియ్యదనం, కాస్త మట్టివాసన వుంటాయి. పక్కన ఇంత చింతకాయ తొక్కు చాలు. అలాంటి రొట్టెను మడతపెట్టి, చీజూ, మయోనైజూ, తియ్యటి సాసూ కుక్కితే ఆ తియ్యదనం ఎక్కడ? మట్టివాసన ఎక్కడ? మిగిలేది సాసు రుచే. జొన్నకు అక్కడ పేరు వుంది గానీ పాత్ర లేదు. నవలలో ఇలాంటి నాయికను పెడితే పాఠకులు వూరుకుంటారా? అట్టమీద ఆమె బొమ్మ, లోపల ఆమె ఒక్కమాటయినా మాట్లాడదు!

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. మంచిదే. ఆ గింజను అంతకు ఎంతో ముందునుంచీ కాపాడుకొచ్చినవాళ్ళున్నారు. జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలవారు పాత విత్తనాలను దాచి, పంచి, పండించారు. 2019లో ఈక్వేటర్ బహుమతి వారిని వెతుక్కుంటూ వచ్చింది. ఇటు మన దారిలోనేమో పొలమే కరిగిపోతోంది. గండిపేట, హిమాయత్‌సాగర్ నీళ్ళను కాపాడాలని 1996లో 111 జీవో 84 గ్రామాలలో కట్టడాలకు ఆంక్షలు పెట్టింది. 2022లో 69 జీవోతో ప్రభుత్వం వాటిని సడలించింది. చేను పోయి గోడ లేచిన చోట జొన్న మెనూ కార్డులోనే పండాలి మరి.

ఫ్యూజన్ వంటకు నేను మార్కులు వేసే పద్ధతి చాలా తేలిక. కళ్ళు మూసుకుని తింటే రెండు రుచులూ విడివిడిగా తెలియాలి. వండినవాళ్ళకు రెండూ సొంతంగా చేతనవ్వాలి. పేరు చూసి మోసపోకూడదు. డబల్ కా మీఠాకు నూటికి నూరు, మంచూరియాకు పేరు విషయంలో కోతపెట్టి డెబ్భై. చీజ్ పెసరట్టుకు, పెసరపప్పు మొహం చూసి ముప్ఫై అయిదు. జొన్నరొట్టె టాకో తప్పింది. అయినా మళ్ళీ పరీక్షకు కూర్చోవచ్చు. తొక్కు, వేయించిన పల్లీలు, ఉల్లిపాయ పెట్టి మడిస్తే ఎవరు కాదంటారు?

అటువైపు వెళ్ళవద్దని నేననను. ఆదివారం పూట ఒక్కరోజయినా పొయ్యి ముందునుంచి లేవడం మన హక్కు. వెళ్ళినప్పుడు మాత్రం, ముందు ఒక్క ఉత్త జొన్నరొట్టె తెమ్మని అడగండి. వంటింట్లో ఎవరో ఒకావిడ దాన్ని చేత్తో కొట్టే వుంటుంది. బాగుంటే ఆ మాట ఆవిడకు చెప్పి పంపండి.