నియుపెపా సంపుటి – గుణదోష విచారము

ప్రాచీనలిఖితములను రక్షించుట యనఁగా వానిని చెదలు సోఁకనిచోట దాఁచుటయే యని పెక్కురు తలంతురు. ఇది యర్ధసత్యము. చదువరికిఁ జేరని పత్రము చెడకున్నను మృతప్రాయమే. న్యూజీలాండునందలి వైకాటో విశ్వవిద్యాలయమువారి ‘నియుపెపా’ యను డిజిటల్ గ్రంథాలయము ఈ రెండవ కార్యము నెంతవఱకు నెఱవేర్చినదో విచారింపఁదగును.

నియుపెపా యనఁగా మావోరీభాషలో వార్తాపత్రిక. 1842 మొదలు సుమారు 90 ఏండ్లకాలమున వెలువడిన పత్రికలను అలెగ్జాండరు టర్న్‌బుల్ గ్రంథాలయమువారు మైక్రోఫిషులపై నెక్కించిరి. ఆ ప్రతులే యీ సంపుటికి మాతృకలు. పుటలు దాదాపు 17,000. నూటికి 70 పాళ్లు కేవలము మావోరీభాషయందే యున్నవి. గ్రీన్‌స్టోన్ అను సాధనముచేఁ గూర్పఁబడిన యీ సంపుటియందు పుట యొక్క ప్రతిబింబమును, దాని పాఠమును గూడఁ గలవు. యంత్రము అక్షరమును దప్పుగాఁ జదివినచోఁ బ్రతిబింబమును జూచి పాఠమును సరిదిద్దుకొనవచ్చును. పాఠపరిష్కర్తల కిది పరమోపకారము.

ఈ సంపుటిని శోధించినవారిలో మావోరీ జాతీయుఁడగు టె టాకా కీగన్ ముఖ్యుఁడు. ఈయన వైకాటోయందే కంప్యూటరుశాస్త్రాచార్యుఁడై, 2017లో బోధనకుఁగాను ప్రధానమంత్రి పురస్కారము నందెను. 2005లో సాలీ జో కన్నింగ్‌హామ్‌తోఁ గూడి ప్రకటించిన వ్యాసమున, చదువరులు ఆంగ్లముననే నడచువారు, మావోరీననే నడచువారు, రెంటిమధ్య మాఱుచుండువారు అని మూఁడు తెఱఁగులని సంపుటి వినియోగపు దాఖలాలనుండి నిరూపించెను. పూర్వపత్రికలను దాఁచుటతోఁ దృప్తినొందక, నేఁటి చదువరి యేభాషతో లోనికి వచ్చుచున్నాఁడని యడుగుట ప్రశంసార్హము. అయినను దాఖలా యేద్వారమున వచ్చిరో చెప్పును గాని యేల వచ్చిరో చెప్పఁజాలదు. ఆంగ్లద్వారమును గోరినవాఁడు మావోరీ నెఱుఁగనివాఁడో, అలవాటుచే నట్లు చేసినవాఁడో లెక్కవలనఁ దేలదు.

ఇంతకంటె గొప్ప చిక్కొకటి కలదు. మావోరీభాషలో నున్నదెల్ల మావోరీల వాణి కాదు. ఈ పత్రికలు ప్రభుత్వపక్షమువి, మతసంఘములవి, మావోరీలు తామై నడపినవి యని త్రివిధములు. ‘టె హోకియోయి’ మావోరీరాజు పక్షమునఁ బలికినది. 1863లో గోర్స్టుదొర ప్రభుత్వపక్షమున ‘టె పిహోయిహోయి మోకెమోకె’ను నడిపెను. ఆ యేఁడే మావోరీలు టె అవాముటుయందలి యతని ముద్రణయంత్రమును బట్టుకొనిరి. అట్టి ప్రతిపక్షపత్రికలు రెండును నేఁ డొక్కసంపుటియందే యున్నవి. వెదకు యంత్రము పదమును జూచును గాని పక్షమును జూడదు.

కావున దాఁచుట మొదటిమెట్టు, వెదకుట రెండవది. ఎవరి పలుకో యెఱిఁగి చదువుట మూఁడవది. ఈ మూఁడవమెట్టు యంత్రసాధ్యము కాదు. అది యాభాషను, ఆచరిత్రను దమవిగా నెఱిఁగిన పండితుల పని. కీగన్‌వంటివా రాపనికిఁ బూనుటయే యీ సంపుటికి నిజమైన రక్ష.