ఆదివారం మాత్ర, సోమవారం మాత్ర

కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ పసుపుపచ్చటి మందు. దానికి తోడుగా రాసే ఫోలిక్ యాసిడ్ కూడా పసుపే. రెండింటిలోనూ ఉన్నది ఒకే టెరిడిన్ చట్రం. కొన్ని సీతాకోకచిలుకల రెక్కల పసుపు కూడా ఆ కుటుంబానిదే. ఉయ్యూరులో మా పిన్ని మెథోట్రెక్సేట్ అట్ట మీద ‘ఆది’, ఫోలిక్ యాసిడ్ అట్ట మీద ‘సోమ’ అని పెన్నుతో రాసుకుంది. మొదటిది వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది.

ఆ రెండు మందులకూ మధ్య తేడా ఎంతో చూస్తే పనితనం అంటే ఇదీ అనిపిస్తుంది. ఫోలిక్ యాసిడ్ అణువులో ఒకచోట ఆక్సిజన్ ఉన్న గుంపును తీసి అమైనో గుంపు పెట్టారు, కాస్త అవతలి నైట్రోజన్‌కు ఒక మిథైల్ తగిలించారు. అంతే. కణం దాన్ని ఫోలేట్ అనుకుని లోపలికి రానిస్తుంది. లోపల ఫోలేట్‌ను వాడకానికి సిద్ధం చేసే ఎంజైమ్ ఉంటుంది. ఈ మందు దాని తాళంలో మారుతాళంచెవిలా దూరి ఇరుక్కుపోతుంది.

ఈ పని జరిగింది న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో, లెడర్లీ ప్రయోగశాలలో. పరిశోధనకు పెద్ద మన యల్లాప్రగడ సుబ్బారావు. 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది ఆయన బృందమే. తర్వాత రెండు మూడేళ్లలో దానికి ఎదురు పనిచేసే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడా ఆ బల్లల మీదే పుట్టాయి. అప్పట్లో వాటిని వాడింది పిల్లల రక్తక్యాన్సర్‌కు. సుబ్బారావు 1948లో పోయారు. కీళ్లవాతానికి ఈ తరహా మందు పనికొస్తుందని గబ్నర్ బృందం రాసింది 1951లో. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడేందుకు అమెరికా అనుమతి రావడానికి 1988 దాకా పట్టింది.

భీమవరంలో పుట్టిన సుబ్బారావుకు పేగుల బాధ ఏమిటో బాగా తెలుసు. సోదరులిద్దరు స్ప్రూ జబ్బుతో పోయారు. తనకూ అది సోకితే ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డారు. స్ప్రూలో తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు అవుతాయి, నోరు పూస్తుంది. తర్వాత ఆ జబ్బుకు ఫోలిక్ యాసిడ్ మందయింది. మెథోట్రెక్సేట్ పడనివాళ్లకూ నోరు పూస్తుంది, కడుపులో తిప్పుతుంది. నోటిపొర, పేగుపొర కొద్ది రోజులకోసారి కొత్తగా పుడుతుంటాయి కనుక ఫోలేట్ కొరత ముందు వాటికే తగులుతుంది. అందుకే సోమవారం మాత్ర.

అలా ఫోలేట్ తిరిగి ఇస్తే మందు గుణం పోదా? పెద్దగా పోదు, నన్ను అబ్బురపరిచేది అదే. కీళ్లవాతంలో మోతాదు వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు, క్యాన్సర్ మోతాదు ముందు బాగా తక్కువ. ఇంత కొద్ది మోతాదులో అది కణాలను మాడ్చడం కంటే, వాపును చల్లార్చే అడినోసిన్‌ను పెంచి పనిచేస్తుందని వైద్యులు భావిస్తున్నారు.

మా పిన్ని ఊరిలా చెరకు నరికి ఫ్యాక్టరీకి తోలే ఊళ్లలో నొప్పి అంటే మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ బిళ్లే. అది నొప్పి పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లను ఆపుతుంది, కానీ కడుపు పొరను కాపాడేవీ అవే. డాక్టరు పరగడుపున గ్యాస్ మాత్ర రాసేది అందుకే. నొప్పి పూటలో తగ్గుతుంది, ఎముక అరుగుదల మాత్రం ఆగదు. మెథోట్రెక్సేట్ గుణం తెలియడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఆ లోపు కడుపులో తిప్పుడు చూసి చాలామంది మానేస్తారు.

మానకుండా దారులున్నాయి. రాత్రి భోజనం తర్వాత వేసుకోవచ్చు. డాక్టరు చెబితే అదే రోజు రెండు భాగాలుగా మింగవచ్చు. ఫోలిక్ యాసిడ్ మోతాదు పెంచవచ్చు, లేదా చర్మం కింద ఇంజెక్షన్‌కు మారవచ్చు. రక్తకణాలు, లివరు, కిడ్నీ పరీక్షలు తప్పవు. గర్భిణులు, బిడ్డ కావాలనుకునేవాళ్లు ఈ మందు వాడకూడదు. ఏదీ సరిపడకపోతే హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజిన్ వంటివి ఉన్నాయి. డాక్టరుకు చెప్పకుండా ఆదివారం మాత్ర మానేసి నొప్పి బిళ్లలతో నెట్టుకొస్తే, పైకి హాయిగా ఉన్నా కీలు లోపల తినుకుపోతూనే ఉంటుంది.