కోత కూలీలు వస్తున్నారు, పక్కకు జరగండి

లండన్‌లో థేమ్స్ నది దక్షిణపు ఒడ్డున ఉన్న నేషనల్ థియేటర్‌లో మూడు నాటకశాలలున్నాయి. అన్నిటికంటే చిన్నది కాటెస్లో. 1977లో తెరిచారు. 2014 నుంచి దాన్ని డోర్ఫ్‌మన్ అంటున్నారు. పొడవాటి నల్లటి గది, మూడు వైపులా బాల్కనీలు. కింద కుర్చీలు కావాలంటే వేసుకోవచ్చు, అక్కర్లేదంటే తీసేయవచ్చు. 1978లో ‘లార్క్ రైజ్’ నాటకానికి తీసేశారు. టికెట్టు కొనుక్కుని వచ్చినవాళ్లు నేల మీద నిలబడ్డారు. నటులు వాళ్ల మధ్యకే వచ్చారు. ఎవరు ఎక్కడ నిలబడి మాట మొదలుపెడితే అదే రంగస్థలం. ప్రేక్షకులే అటు తిరిగి, నాలుగడుగులు నడిచి, చుట్టూ మూగి చూడాలి. ఈ పద్ధతిని ప్రొమెనాడ్ అంటారు.

నాటకం రాసింది కీత్ డ్యూహర్స్ట్. దర్శకులు బిల్ బ్రైడెన్, సెబాస్టియన్ గ్రేహమ్-జోన్స్. మూలం ఫ్లోరా థామ్సన్ రాసిన పుస్తకం. ఫ్లోరా 1876లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని జునిపర్ హిల్ అనే కుగ్రామంలో పుట్టింది. ముప్పై ఇళ్లు, ఒక సారాయి అంగడి, చుట్టూ గోధుమ పొలాలు. నాన్న రాతిపని చేసేవాడు. ఆమె పద్నాలుగేళ్లకే పక్క ఊరి పోస్టాఫీసులో పనికి చేరింది. అరవై దాటాక, 1939లో, చిన్నప్పటి ఊరికి ‘లార్క్ రైజ్’ అని పేరు మార్చి పుస్తకం తెచ్చింది. తర్వాత ఇంకో రెండు వచ్చాయి. 1945లో మూడూ కలిపి ‘లార్క్ రైజ్ టు క్యాండిల్‌ఫోర్డ్’ అయ్యాయి. నిజానికి అందులో కథ లేదు. ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏం పాడుకున్నారు, అప్పులు ఎలా తీర్చారు అన్నదే ఉంది. నాటకానికి పనికొచ్చే సరుకు కాదని ఎవరైనా పక్కన పడేసేవారు. డ్యూహర్స్ట్ రెండు నాటకాలు చేశాడు. మొదటిది కోతలు మొదలైన రోజు, రెండోది చలికాలంలో ఒక రోజు.

కనుమరుగైన పల్లెను తెర వెనక, చట్రంలో పెట్టి చూపిస్తే అది గోడకు తగిలించిన క్యాలెండర్ బొమ్మ అయిపోతుంది. గడ్డి కప్పిన ఇళ్లు, ఎర్ర బుగ్గల పిల్లలు, సాయంత్రపు ఎండ. చూసి ముచ్చటపడి ఇంటికి పోతాం. ఇంగ్లండ్‌లో పల్లె గురించిన నాటకాలకూ సినిమాలకూ ఈ జబ్బు బాగా ఉంది. 2008 నుంచి 2011 దాకా బీబీసీలో వచ్చిన ‘లార్క్ రైజ్ టు క్యాండిల్‌ఫోర్డ్’ సీరియల్‌ను లక్షల మంది ఇష్టంగా చూశారు. నటన బాగుంది, బట్టలు బాగున్నాయి. కానీ ఫ్లోరా పుస్తకంలో కూలీకి వారానికి పది షిల్లింగులు. పిల్లల చెప్పులు కొనాలంటే కోతల్లో వచ్చే పైడబ్బు కోసం ఏడాదంతా ఆగాలి. ఆ లెక్క కడుపులో తగలకుండా లార్క్ రైజ్‌ను ఎంత అందంగా చూపించినా చాలదని నా అభిప్రాయం. ప్రొమెనాడ్‌లో ఆ లెక్క తప్పించుకోవడం కష్టం. కూలివాడి చెమట మన భుజానికి రెండడుగుల దూరంలో ఉంటుంది.

పద్ధతి కొత్తగా పుట్టింది కాదు. యార్క్ నగరంలో మధ్యయుగాల్లో బైబిలు కథలను బండ్ల మీద ఆడేవారు. ఒక్కో బండి ఒక్కో కూడలిలో ఆగేది. ఒక్కో కథ ఒక్కో వృత్తిసంఘానిది. నోవా ఓడ కట్టే ఘట్టం ఓడలు కట్టే వడ్రంగులది. చివరి విందు రొట్టెలు కాల్చేవాళ్లది. ఏసును శిలువ వేసే ఘట్టం మేకులు చేసేవాళ్లది. అంటే తమ చేతికి తెలిసిన పనినే వాళ్లు నాటకంలో చేసి చూపించారు. 1569 తర్వాత ఆ ఆటలు ఆగిపోయాయి. బ్రైడెన్ బృందం, కవి టోనీ హారిసన్ తిరగరాసిన పాఠంతో, 1977 ఈస్టర్‌కు వాటిలో కొన్నింటిని నేషనల్ థియేటర్ ఆరుబయట ఆడింది. నటులు మామూలు కార్మికుల దుస్తుల్లో వచ్చారు. ఆ మరుసటి ఏడాదే ‘లార్క్ రైజ్’. యార్క్ బండ్ల నుంచి వాళ్లు నేర్చుకున్నది చుట్టూ జనం నిలబడటం ఒక్కటే కాదు. పని తెలిసినవాడు పని చేస్తుంటే చూడటమే నాటకంలో సగం అన్న సంగతి కూడా.

కోత దృశ్యం తీసుకోండి. కాగితం మీద రెండు మూడు మాటలే. ఆడటం మాత్రం చాలా కష్టం. అక్కడ కోసేది సైథ్ అనే పనిముట్టుతో. మన కొడవలిలా నడుము వంచి, పైరును పిడికిట పట్టి కోసేది కాదు. మనిషెత్తు వంపు కర్రకు పొడవాటి కత్తి బిగిస్తారు. నిలబడే కోస్తారు. బలమంతా చేతుల్లో ఉంటుందనుకుంటాం కానీ అది నడుములో ఉంటుంది. కాళ్లు ఎడంగా పెట్టి, నడుము తిప్పితే కత్తి కుడి నుంచి ఎడమకు అర్ధచంద్రంలా నేలను రాసుకుంటూ పోవాలి. కొన ఒక్క అంగుళం లేచినా మొదళ్లు ఎత్తుగా మిగిలిపోతాయి, ఒక్క అంగుళం దిగినా మట్టిలో దిగబడుతుంది. వరుసలో ముందువాడి మడమకు కత్తి తగలకుండా వెనకవాడు కొంచెం పక్కకు, కొన్ని అడుగులు వెనకగా నడవాలి. అందరి ఊపూ ఒకటే కావాలి. కాసేపటికోసారి అందరూ ఆగి సానరాయితో కత్తి నూరాలి.

ఈ ఊపును నిర్ణయించేవాడు వరుసలో మొదటివాడు. లార్క్ రైజ్‌లో అతన్ని కోతగాళ్ల రాజు అనేవారని ఫ్లోరా రాసింది. గసగసాల పూలూ తీగలూ అల్లిన దండ అతని గడ్డి టోపీ చుట్టూ ఉండేది. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు తాగాలో అతని మాటే. ఏడాదంతా రైతు దగ్గర తల వంచుకున్న మనిషికి ఆ కొద్ది వారాలు పొలంలో పెత్తనం దొరికేది. నటుడు ఆ పెత్తనాన్ని మాటల్లో చూపించలేడు. ఊపులోనే చూపించాలి. సాధనలో కత్తి తీసేసి ఉత్త కర్రలతో చేసినా సరే, వరుస మాత్రం ఒక్కటిగా కదలాలి. అలా కదిలి ప్రేక్షకుల వైపు వస్తుంటే, ముందున్నవాళ్లు తప్పుకోక తప్పదు. ఎవరూ చెప్పకుండానే గది మధ్యలో దారి పడుతుంది. ఒక్క గోధుమ కంకి లేకుండా పొలం తయారవుతుంది. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత నిజం పుట్టించే కిటుకు రంగస్థలంలో ఇంకొకటి నేను చూడలేదు.

అదే పొలంలో రైతు తెచ్చిన కోత యంత్రం కూడా ఉంది. ఎర్రటి చేతులు తిప్పుకుంటూ పోయేది. దాన్ని రైతుగారి ఆటబొమ్మ అన్నట్టే చూశారు కూలీలు. నాటకం చూసేవాళ్లకు మాత్రం తెలుసు, మరి కొన్నేళ్లలో ఆ వరుస ఉండదని. మగవాళ్ల వెనకే ఆడవాళ్లూ పిల్లలూ పరిగె ఏరడానికి వచ్చేవారు. చలికాలానికి రొట్టె పిండి అలాగే సమకూరేది. యంత్రాలు శుభ్రంగా ఊడ్చుకుపోవడం మొదలయ్యాక పరిగె కూడా పోయింది.

ఇంకో పని వంట. రోజుకు ఒక్కసారే వేడి భోజనం, అదీ సాయంత్రం మగవాళ్లు పొలం నుంచి వచ్చాక. పొయ్యి మీద ఒకటే పెద్ద కుండ. అందులో ఓ పలక పంది మాంసం, ఒక వలసంచిలో క్యాబేజీ, ఇంకో వలసంచిలో బంగాళాదుంపలు, గుడ్డలో చుట్టిన పిండి వంటకం. అన్నీ ఒకే నీళ్లలో ఉడుకుతాయి. ఒక్కోటి ఒక్కో సమయంలో వేయాలి, ఒక్కో సమయంలో తీయాలి. మాంసం ఇంటి పంది నుంచి వచ్చింది, అది ఏడాది పాటు సాగాలి. ప్రేక్షకుల మధ్య ఒక నటి ఈ కుండ పెట్టుకుని, వలలు ఒక్కొక్కటే తీస్తూ, ఎవరి పళ్లెంలో ఎంత ముక్క పడుతుందో చూస్తూ పెడితే పేదరికం గురించి ఒక్క మాటా రాయనక్కర్లేదు. పెద్ద ముక్క ఎప్పుడూ పొలానికి వెళ్లేవాడిది. తల్లిది చివర.

పాట సంగతి వేరు. ఈ నాటకానికి సంగీతం ఆల్బియన్ బ్యాండ్ ఇచ్చింది. దాన్ని నడిపిన ఆష్లీ హచింగ్స్ అంతకుముందు ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్‌ను స్థాపించినవాళ్లలో ఒకడు. జాన్ టామ్స్ పాడాడు. జానపద పాటలకు ఎలక్ట్రిక్ గిటార్ కలపడం కొందరికి నచ్చలేదు కానీ, ఆ పాటల పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే ఆ అభ్యంతరం నిలవదు. 1899 క్రిస్మస్ మరునాడు ఆక్స్‌ఫర్డ్ పక్కన హెడింగ్టన్ క్వారీ అనే ఊళ్లో మోరిస్ అనే జానపద నాట్యం చూసిన పాటల సేకర్త సెసిల్ షార్ప్, 1903లో సోమర్సెట్‌లో ఒక తోటమాలి నోట మొదటి పాట రాసుకున్నాడు. అప్పటికే పాడేవాళ్లు ముసలివాళ్లు. పాతా కొత్తా పాటలు కలిసిపోవడం ఫ్లోరా బాల్యంలోనే చూసింది. ఆమె ఊరి సారాయి అంగడిలో పాటలకు ఒక వరుస ఉండేది. ముందు కుర్రాళ్లు పట్నం నుంచి కొత్తగా దిగిన పాటలు పాడతారు. తర్వాత నడివయసువాళ్లు తమ కాలంవి. చివరికి ఊరందరిలో పెద్దవాడు, ఎనభై దాటిన డేవిడ్, ఎప్పుడూ పాడే ఆ ఒక్క పాత పాట అందుకుంటాడు. ఒకే గదిలో ఒకే రాత్రి మూడు తరాలు. దర్శకుడు ఆ వరుసను చెడగొట్టకుండా ఉంటే చాలు. కాలం ఎలా పోతుందో చెవికి తెలుస్తుంది.

మాట తీరులో మాత్రం చాలా ప్రదర్శనలు దెబ్బతింటాయి. లండన్ రంగస్థలం ఎప్పుడో ఒక పల్లె యాస తయారుచేసుకుంది. మమ్మర్‌సెట్ అంటారు. ఏ జిల్లాదీ కాదు, పల్లెవాడంటే మందబుద్ధి అని చెప్పడానికి పుట్టింది. ఆక్స్‌ఫర్డ్‌షైర్ మాట ఆక్స్‌ఫర్డ్‌షైర్‌దిగానే వినిపించాలి. రాకపోతే మామూలుగా మాట్లాడటం మేలు.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. రేమండ్ విలియమ్స్ 1973లో ‘ద కంట్రీ అండ్ ద సిటీ’ అనే పుస్తకంలో దాన్ని సూటిగా చెప్పాడు. పాత పల్లె ఇప్పుడే పోయిందని ప్రతి తరం రచయితా అంటాడు. దాని ముందు తరం పుస్తకం తెరిస్తే అంతకంటే ముందే పోయిందని ఉంటుంది. ఎస్కలేటర్ మీద దిగినట్టు వెనక్కి వెనక్కి పోతూనే ఉండాలి. లార్క్ రైజ్‌లోనే చూడండి. ఫ్లోరాకు తన బాల్యం పోయిన లోకం. ఆ బాల్యంలో ఉన్న ముసలి శాలీకి, కంచెలు వేయకముందు ఊరి చుట్టూ ఉన్న బీడు భూములే పోయిన లోకం. నాటకం ఈ రెండో బాధను కూడా వేదిక మీద నిలబెట్టినప్పుడే మోసం చేయనట్టు. పోయింది ఒకసారి కాదు. ఎవరో తీసుకున్నారు, చట్టం చేసి తీసుకున్నారు, కంచె వేశారు. అమెరికా గోధుమ చవగ్గా దిగి ధర పడిపోయింది, కూలీలు పట్నం పోయారు. 1851 జనగణన నాటికే ఇంగ్లండ్, వేల్స్ జనాభాలో సగానికి మించి పట్నాల్లో ఉన్నారు.

పుస్తకం చివర ఫ్లోరా కాలంలోంచి ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. చర్చిలో ఇత్తడి పలక. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన ఆ చిన్న ఊరివాళ్ల పేర్లు పదకొండు. చివరిది ఆమె తమ్ముడిది. అతను నిజంగానే 1916లో పోయాడు. రెండు గంటలుగా ఆ తమ్ముడి వేషంలో ఒక కుర్రాడు మన పక్కనే గోళీలు ఆడి, మన కాళ్ల మధ్య నుంచి పరుగెత్తి, మన మోచేతికి తగిలి ఉంటే, ఆ పేరు వినిపించేటప్పుడు సంగీతం సాయం అక్కర్లేదు. దూరంగా బాల్కనీలో కూర్చున్నవాళ్లకు ఇది అంత తగలదు. ప్రొమెనాడ్ వల్ల లాభం ఏమిటని అడిగేవాళ్లకు నేను ఈ తేడానే చూపిస్తాను.

వేరే దారులూ ఉన్నాయి. సఫోక్‌లో పుట్టిన పీటర్ హాల్ రోనాల్డ్ బ్లైత్ పుస్తకం ‘ఏకెన్‌ఫీల్డ్’ను 1974లో సినిమాగా తీసినప్పుడు ఆ చుట్టుపక్కల జనాన్నే నటింపజేశాడు. రాసిపెట్టిన సంభాషణలు లేవు. తాతగా, కొడుకుగా, మనవడిగా ఒకే మనిషి. పనివాడి చెయ్యి నిజమైతే మాట దానంతటదే వస్తుందని ఆ సినిమా నిరూపించింది.

కారిల్ చర్చిల్ రాసిన ‘ఫెన్’ (1983) నాకు ఇంకా ఇష్టం. జాయింట్ స్టాక్ బృందం తూర్పు ఇంగ్లండ్‌లో ఫెన్ ప్రాంతంలోని అప్‌వెల్ అనే ఊరికి వెళ్లి, ఉండి, జనంతో మాట్లాడాక ఆమె ఆ నాటకం రాసింది. ఆరుగురు నటులే పాత్రలన్నీ వేశారు. రంగస్థలమంతా ఒక మట్టి పొలమే. ఆడవాళ్లు వరుసగా బంగాళాదుంపలు ఏరుతుంటారు. పందొమ్మిదో శతాబ్దపు పిల్లవాడు కాకులు తోలుతుంటాడు. ఇక్కడ పల్లె మాయమవలేదు. యజమానులు మారారు. పొలం ఇప్పుడు దూరదేశపు పెట్టుబడిదారుడి చేతిలో ఉంది. నడుము వంచేవాళ్లు మాత్రం వంచుతూనే ఉన్నారు.

ఫెన్ ప్రాంతంలో ముఠా మేస్త్రీలు కూలీలను గుంపులుగా పొలాలకు తోలే పద్ధతి పాతదే. ఆడవాళ్లనూ పిల్లలనూ అలా వాడుకోవడం మీద 1867లోనే చట్టం చేయాల్సి వచ్చింది. 2004 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ వాయవ్యాన మోర్‌కాంబ్ బే తీరంలో, ముఠా మేస్త్రీల కిందే, తినే ఆల్చిప్పలు ఏరుతున్న చైనా కూలీలు ఇరవైమందికి పైగా పోటులో మునిగి చనిపోయారు. ఆ ఏడాదే ముఠా మేస్త్రీలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ మళ్లీ చట్టం వచ్చింది. ఫెన్ ప్రాంతంలోని విస్‌బీచ్, బోస్టన్ చుట్టూ క్యాబేజీలు కోసేవాళ్లలో ఎందరో లిథువేనియా, పోలండ్ నుంచి వచ్చినవాళ్లు. ‘లార్క్ రైజ్’ను ఇప్పటికీ ఇంగ్లండ్ అంతటా ఊరి హాళ్లలో ఔత్సాహికులు ఆడుతూనే ఉన్నారు. ఫెన్ ప్రాంతంలో ఈసారి ఆడేవాళ్లు కోత వరుసలో ఆ కూలీలను కూడా నిలబెట్టాలి. మేస్త్రీ తెల్లవారక ముందు వ్యాన్‌లో ఎంతమందిని ఎక్కించాడో, గుడిసె అద్దె కింద కూలిలో ఎంత కోశాడో వాళ్లనే అడిగి రాసుకుని, ఆ అంకెలను పది షిల్లింగుల పక్కన చెప్పాలి. సారాయి అంగడి దృశ్యంలో డేవిడ్ పాట అయ్యాక వాళ్ల పాట కూడా ఒకటి, వాళ్ల భాషలోనే, పాడించాలి.