బోరుకి లేని నింద సెల్లుకెందుకు?

రెండేళ్ళ కిందటి మాట. అనంతపురంలో డిగ్రీ చివరి సంవత్సరం పిల్లలకి సింగమనేని నారాయణ గారి కథల గురించి చెప్తున్నాను. మబ్బుని నమ్ముకుని విత్తనం చల్లే సేద్యాన్ని ఆయన జూదం అన్నారు, కథకి ఆ పేరే పెట్టారు. వానల లెక్కలు, శెనక్కాయ ధరలు, అప్పులు, వలసలు అన్నీ అయ్యాక తరగతిని కాస్త నవ్విద్దామని, "మీ తరానికి కరువంటే ఏముందిలే, డేటా అయిపోవడమేగా!" అన్నాను. అందరూ నవ్వారు. కళ్యాణదుర్గం వైపు పల్లె నుంచి వచ్చే ఒకమ్మాయి మాత్రం నవ్వలేదు. గంట కొట్టాక వరండాలో నా దగ్గరికి వచ్చింది.

"మా నాయన నాలుగు బోర్లు ఏపిచ్చినాడు మేడం. నాలుగిట్లోనూ నీళ్ళు పళ్ళేదు. ఆయన్ని ఎవురూ బోర్ల పిచ్చోడు అన్లేదు. ఎండాకాలం సెలవుల్లో హిందూపురం దగ్గర గార్మెంట్స్‌లో పని చేసి నేనొక సెల్లు కొనుక్కుంటే మాత్రం ఊరంతా సెల్లు పిచ్చిది అంటాండారు. మీరూ అట్లనే అంటిరి."

నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వెళ్ళి నా పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథం తీశాను. ప్రపంచీకరణ నేపథ్యంలో తెలుగు కథ గురించిన అధ్యాయంలో నేను రాసిన వాక్యం: "మార్కెట్ స్త్రీలను, యువతను వస్తు వ్యామోహంలోకి నెట్టింది." వైవాలో ఆ వాక్యాన్ని ఎవరూ ప్రశ్నించలేదు. ప్రశ్నించడానికి అందులో ఏముంది? అందరం అదే రాస్తున్నాం. టీవీ కావాలని పోరే భార్య, సెల్లు కోసం అలిగే కూతురు, ఆ రెంటి మధ్యా నలిగిపోయే మంచి మగవాడు: ఈ ముగ్గురితో మనకి ఎన్ని కథలున్నాయో లెక్కపెట్టడం కష్టం.

ఆ అమ్మాయి పెట్టిన పోలికని ఇప్పుడు సాహిత్య విమర్శగా తీసుకుని చూద్దాం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే నేలలో బోరు ఒక యంత్రం, ఒక సరుకు. టెంకాయ చేతిలో పెట్టుకుని పాయింటు చూసేవాడి దగ్గర్నుంచి బోరుబండివాడు, పైపులవాడు, మోటారు అమ్మేవాడు, వడ్డీకిచ్చేవాడు దాకా దాని చుట్టూ ఒక పెద్ద మార్కెట్ ఉంది. పక్క చేలో నీళ్ళు పడ్డాయని ఈ చేలోనూ దించుతారు. పడకపోతే ఇంకో వంద అడుగులు, ఇంకో చోట. ఆశ మీద, పోటీ మీద, అప్పు మీద నడిచే కొనుగోలు ఇది. వినియోగ సంస్కృతికి మనం చెప్పుకునే లక్షణాలన్నీ దీనికున్నాయి. అయినా దాన్ని అవసరం అంటాం, కూతురి సెల్లుని మోజు అంటాం.

సీమ కథ రైతు మీద చూపిన కరుణని నేను తక్కువ చేయడం లేదు. బండి నారాయణస్వామి 'వానరాలే' అని కథకి పేరు పెడితే ఆ ఒక్క మాటలో ఈ నేల దుఃఖమంతా వినిపిస్తుంది. రైతుది పిచ్చి కాదని, వెనకాల వ్యవస్థ ఉందని ఆ కథలే మనకి నేర్పాయి. నా ప్రశ్న ఒక్కటే. తండ్రి అప్పు వెనక వ్యవస్థని చూడగలిగిన చూపు, కూతురి కొనుగోలు దగ్గరికి వచ్చేసరికి నీతి పాఠంగా ఎందుకు మారిపోతోంది? ఏది అవసరమో, ఏది మోజో తేల్చే అధికారం ఆ ఇంట్లో ఎవరిదైతే, మన విమర్శ కూడా వాళ్ళ గొంతుతోనే మాట్లాడుతోంది కదా!

స్త్రీవాద కథ ఈ పని చేసిందా అంటే, వేరే చోట చేసింది. పి.సత్యవతి 'ఇల్లలకగానే'లో ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోయిన స్త్రీని చూపించారు. ఆమే 'సూపర్‌మామ్ సిండ్రోమ్' రాశారు. కుప్పిలి పద్మ కథలు నగరంలో మార్కెట్‌కీ స్త్రీకీ ఉన్న సంబంధాన్ని లోపలి నుంచి చూశాయి. అయితే నేను చదివినంతలో వీటిలో ఎక్కువ భాగం నగరపు మధ్యతరగతి ఇళ్ళు. సీమ కథకి బీడు చేను కనిపించింది, స్త్రీవాద కథకి నగరపు వంటిల్లు కనిపించింది. చేనుకీ నగరానికీ మధ్య బస్సులో సెల్లు పట్టుకుని కూర్చున్న ఇరవై ఏళ్ళ పిల్ల రెండింటికీ అందకుండా పోయింది.

అమెరికా నుంచి తెచ్చుకున్న సిద్ధాంతాలూ ఇక్కడ సరిపోవు. అక్కడి యువతరం మీద జీన్ ట్వెంగీ 2017లో 'ఐజెన్' రాశారు. స్మార్ట్‌ఫోన్ వచ్చాక పిల్లలు స్నేహితులతో బయట తిరగడం తగ్గిందని, ఒంటరితనం, దిగులు పెరిగాయని ఆమె వాదన. అక్కడ దాని మీద చర్చ ఇంకా సాగుతోంది. కానీ ఆ వాదన వెనక ఒక ఇల్లుంది. అందులో పిల్లకి సొంత గది, వేసుకోవడానికి తలుపు, బయటికి వెళ్ళే స్వేచ్ఛ ఉన్నాయి. మా అమ్మాయికి మూడూ లేవు. ఆరు దాటితే బయట తిరగకూడదు. స్నేహితురాలి ఊరు ఇరవై కిలోమీటర్లు. వర్జీనియా వుల్ఫ్ 1929లో అడిగిన సొంత గదికి ఈ పిల్లకి దొరికినంతలో దగ్గరగా ఉన్నది ఆ అయిదంగుళాల అద్దమే. అదీ అద్దె గదే. రీచార్జి అయిపోతే తలుపు మూసుకుపోతుంది.

2016లో జియో వచ్చాక అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చేశాయంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో తాము వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు దాదాపు సగం మందే. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవాళ్ళు స్త్రీలలో అయిదో వంతు, పురుషుల్లో దాదాపు సగం. 'సెల్లు పిచ్చి' ఎవరిదో అంకెలు ఒకటి చెప్తుంటే, నింద మాత్రం ఇంకొకరి మీద పడుతోంది.

ముఖం సంగతి కూడా చెప్పాలి. 2006 ఫిబ్రవరి 2న మా జిల్లా బండ్లపల్లిలోనే ఉపాధి హామీ పథకం మొదలైంది. మా వాళ్ళు దాన్ని కరువు పని అంటారు. 2023 జనవరి నుంచి పని చోట కూలీల ఫోటోలు రోజుకి రెండుసార్లు యాప్‌లో ఎక్కించడం తప్పనిసరి చేశారు. ఫోటో ఎక్కకపోతే హాజరు లేదు, హాజరు లేకపోతే కూలి లేదు. ఎండలో నిలబడ్డ తల్లి ముఖం అలా ప్రభుత్వానికి చేరింది. కూతురేమో వాట్సాప్‌లో తన ముఖం పెట్టుకోకూడదు. మా తరగతి గ్రూపులో అబ్బాయిలందరి ఫోటోలూ ఉంటాయి. అమ్మాయిలవి గులాబీలు, దేవుళ్ళు, చంటిపిల్లలు. పేరు మర్చిపోయిన ఇల్లాలి తర్వాతి తరం ఇది. తన పేరు తనకి బాగా గుర్తుంది, ముఖమే దాచుకోవాలి.

సెల్లు విముక్తి తెచ్చిందని నేననడం లేదు. గార్మెంట్స్‌లో కుట్టిన చొక్కాల కూలి ఫోను వాయిదాలకి పోతుంది. అప్పు ఇచ్చే యాప్‌లు ఆడపిల్లల ఫోటోలతోనే బెదిరిస్తాయి. తెల్లబరుస్తామన్న క్రీము 2020లో పేరు మార్చుకుంది గానీ, అది నేర్పిన సిగ్గు మారలేదు. ఇవన్నీ రాయాలి. కానీ బోరు గురించి రాసినట్టు రాయాలి. కొన్న మనిషిని దోషిని చేయకుండా, అమ్మినవాడినీ, అప్పిచ్చినవాడినీ, కొనక తప్పని స్థితినీ చూపిస్తూ రాయాలి.

ఆ అమ్మాయి సెల్లుని తర్వాత వాళ్ళన్న తీసేసుకున్నాడు. స్కాలర్‌షిప్ ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. ప్రతిసారీ అన్నని బతిమాలుకోవాలి. పరీక్షలు రాసింది, పాసైంది. తర్వాత ఎక్కడుందో కనుక్కుందామంటే నా దగ్గరున్నది అదే నంబరు. రెండుసార్లు చేశాను. రెండుసార్లూ మగగొంతు "ఎవురు?" అంది.

ఇప్పుడు కొత్త బ్యాచ్‌కి ఆ కథ చెప్పాక నవ్వించడం లేదు. కాగితాలిచ్చి రాయమంటున్నాను: మీ ఇంట్లో ఆఖరుసారి అప్పు చేసి కొన్న వస్తువేది? ఎవరి కోసం? ఎవరి పేరు మీద? మోటారు, అన్న బైకు, అక్క పెళ్ళికి బంగారం అని రాస్తున్నారు. 'నా కోసం, నా పేరు మీద' అని ఇప్పటిదాకా రాసిన అమ్మాయిలు ఇద్దరు. నా సిద్ధాంత గ్రంథంలో ఆ అధ్యాయాన్ని ఈ కాగితాలు ముందు పెట్టుకుని మళ్ళీ రాస్తున్నాను.