పెద్దవారికి పాటపెట్టె: సులభమనగా నేమి?

“సులభముగా వాడదగినది” అను మాట నేడు ప్రతి యంత్రపు అట్టపెట్టెమీదను అచ్చయి కనిపించును. ఎవరికి సులభమను ప్రశ్నకు మాత్రము ఆ అట్టమీద జవాబుండదు. అనకాపల్లి జిల్లా మునగపాకలో ఉన్న మా పెద్దమ్మకు పాటలు వినిపించు సాధనమొకటి కొనవలసివచ్చినప్పుడు ఈ ప్రశ్న మాకు ఎదురైనది. ఆమె వయస్సు ఎనుబది దాటినది. చదువు తెలుగు అక్షరములవరకే. చెరకు నరికి, బెల్లపు పొయ్యివద్ద పనిచేసి కాయలు కాచిన చేతులు. పాత పాటలన్న ప్రాణము.

మొదట టెలివిజనుకు తగిలించు చిన్న పెట్టె నొకదానిని తెచ్చితిమి. మనుమడు పెట్టగా తొలిదినము ఆమె సంతోషముగా విన్నది. మరునాడు ఇంట నెవరును లేరు. సాయంకాలము నేను వెళ్ళునప్పటికి రిమోటు ఒడిలో పెట్టుకొని నల్లని తెర ఎదుట కూర్చున్నది. “నిన్న పాడింది గదా బాబూ, ఇయ్యాల ఏటైపోనాది? నానే పాడుసేసీసినానేటి?” అని అడిగినది.

పెట్టెకేమియు కాలేదు. రాత్రి ఎవరో టెలివిజనును వేరొక తీగకు మార్చి వదలినారు, అంతే. కాని ఆ మార్పు కంటికి కనబడదు. నిన్న పాట తెచ్చిన మీటయే నేడు ఏమియు తేలేదు. లోపల దాగిన స్థితినిబట్టి ఒకే మీట వేరువేరు ఫలితముల నిచ్చునెడల, తప్పు తనదేయని వాడువారు తలతురు. ఆ భయము కలిగించినది యంత్రపు కూర్పే గాని ఆమె వయస్సు కాదు.

వెనుకటి రేడియోతో దీనిని పోల్చి చూతము. ట్రాన్సిస్టరు రేడియో 1954లో అమెరికాలో అమ్మకమునకు వచ్చినది. మన దేశమున వివిధభారతి 1957లోను, విశాఖపట్నపు ఆకాశవాణి కేంద్రము 1963లోను ప్రారంభమైనవి. సామాన్యమైన రేడియో సెట్టుకు తిప్పెడి గుబ్బలు రెండు. ఒకటి “టక్కు”మని తిరిగి ప్రాణము పోసి, ధ్వనిని పెంచును. రెండవది ముల్లును కదల్చును. సెట్టు ఏ స్థితిలో నున్నదో ముల్లు చెప్పును. కన్ను మసకైనను చేయి చెప్పును.

మీటలు తగ్గించిన చాలునా? 1952లో ఇంగ్లండులో హిక్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు ఎంపికల సంఖ్యకును నిర్ణయకాలమునకును గల సంబంధమును కొలిచెను. ఎంపికలు రెట్టింపైనపుడు కాలము రెట్టింపు కాదు, ఒక మెట్టు మాత్రమే పెరుగునని తేలినది. కాని ఇది ఆ మీటలతో ముందే పరిచయమున్నవారి సంగతి. గుర్తులు తెలియనివారు ఒక్కొక్క మీటను వరుసగా వెదకవలెను. వారికి నలుబది మీటలు ఎనిమిదింటికంటె ఐదు రెట్లు శ్రమ. కనుక తక్కువ మీటలు మేలే, కాని ప్రతి మీటకు ఒకే పని యుండుట అంతకంటె మేలు.

స్పర్శతెర గల ఫోను సంగతి చూతము. వేలి తాకిడివలన కలుగు విద్యుత్ మార్పును ఆ తెర గుర్తించును. ఎండి కాయకాచిన వేలిని అది ఒక్కొక్కసారి గుర్తింపదు. వేలు నిదానముగా లేచినచో “అదిమిపట్టినా”రని తలచి వేరొక పట్టీ తెరచును. నునుపైన గాజుమీద చేతికి ఆనవాలు దొరకదు.

ముందే పాటలు నింపిన పెట్టెలు వేరొక తెగ. పూర్వము గ్రామఫోను కంపెనీగా పేరొందిన సారేగామా సంస్థ 2017లో ‘కారవాన్’ను విడుదల చేసినది. పాత రేడియో ఆకారము, 5000 హిందీ పాటలు, గాయకులవారీగా ఎన్నుకొను గుబ్బ. ఇంటర్నెట్టు అక్కరలేదు. ఇది మెచ్చదగిన ఆలోచన. పాట నాలుగు నిమిషములైనచో, దినమునకు రెండు గంటల చొప్పున వినుటకు అయిదు నెలలకు పైగా పట్టును. అయితే రెండు లోపములు చెప్పక తప్పదు. సంస్థకు హక్కులున్న పాటలే అందులో నుండును. పెద్దమ్మ కోరు పాట లేకపోవచ్చును. రేడియో, బ్లూటూతు, పెన్‌డ్రైవు అను మార్గములన్నియు ఒకే పెట్టెలో చేరుటచే దాగిన స్థితుల చిక్కు మరల తొంగిచూచును. బ్రిటనులో జ్ఞాపకశక్తి తగ్గినవారికై ‘సింపుల్ మ్యూజిక్ ప్లేయర్’ అను పెట్టె చేసినారు. మూత ఎత్తిన పాడును, మూసిన ఆగును. స్థితి కంటికి కనబడుట అనగా ఇదే.

చెవి సంగతియు మరువరాదు. వయస్సుతో ముందుగా తగ్గునది హెచ్చు పౌనఃపున్యముల వినికిడి. స, శ వంటి హల్లుల స్పష్టత ఆ భాగములోనే యున్నది. కనుక పెద్దవారు “వినబడుచున్నది గాని మాట తెలియుట లేదు” అందురు. ఊరక ధ్వని పెంచిన రొద హెచ్చును. పెట్టెను దగ్గరకు జరుపుట మేలు. ఆరుబయట దూరము సగమైనచో ధ్వని ఆరు డెసిబెల్లులు పెరుగును. గదిలో కొంత తక్కువ.

చివరకు మేము కొన్నది రెండు గుబ్బలు గల ఎఫ్.ఎం. రేడియో. పెన్‌డ్రైవు పెట్టు వీలున్నది. పెద్దమ్మ చెప్పగా వ్రాసికొన్న పాటలనే అందులో నింపి, వాడని మీటలపై అట్టముక్క అంటించితిమి. మూడవనాడు మేము లేనప్పుడు ఆమెయే పెట్టుకొన్నది. వీధి అరుగుపై పొరుగువారికి కూడ వినిపించినదట.

విద్యార్థులు ఇంట ఈ పరీక్ష చేయవచ్చును. యంత్రమును ఒకసారి చూపి, మరునాడు ఏదో ఒక మీట మార్చి తాతగారి చేతికిండు. మీరు నోరు మెదపకుడు. ఎవరినీ పిలువక ఆయన మరల పాట తెచ్చుకొన్నచో అది సులభమైన యంత్రము. తెచ్చుకొనలేనిచో మార్కులు తగ్గింపవలసినది యంత్రమునకు, తాతగారికి కాదు.