అంగిలి శస్త్రచికిత్స: సాక్ష్యబలమెంత?

శిశువు పెదవి చీలి పుట్టినచో, తల్లి గ్రహణం చూచినందువల్లనే అట్లయినదని నంద్యాల, ఆళ్ళగడ్డ పల్లెలలో పెద్దలు చెప్పుట కద్దు. గ్రహణమొర్రి అను పేరే అందుకు గుర్తు. గ్రహణం చూచిన తల్లుల బిడ్డలనూ, చూడనివారి బిడ్డలనూ లెక్కించి పోల్చనిదే ఆ మాటకు విలువ లేదు. అదే పరీక్షను శస్త్రవైద్యులకు పెట్టినచో ఏమగును?

ఐరోపాలో 201 వైద్యబృందాలను విచారించగా, ముఖానికి ఒక పక్కన వచ్చే చీలికకు 194 విధాల చికిత్సాక్రమాలు వాడుకలో ఉన్నట్లు 2001లో వెల్లడైనది. అన్నియు ఉత్తమమైనవి కాజాలవు గదా!

ఇందులో ఇంకొక చిక్కు కలదు. ఆళ్ళగడ్డ శిల్పి చెక్కిన రాతిముఖం చెక్కినట్లే ఉండును. బిడ్డ ముఖం పెరుగును. అంగిలిని త్వరగా కుట్టినచో మాట బాగుపడవచ్చును; కాని మచ్చకట్టినచోట పైదవడ ఎదుగుదల కుంటుపడవచ్చును. ఫలితం తేలుటకు ఏండ్లు పట్టును.

ఈ చిక్కుకు ఎదురునిలిచిన పరిశోధన ఒకటి 2023లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’ పత్రికలో వెలువడినది. అంగిలి మాత్రమే చీలిన 558 మంది శిశువులను, చీట్లు వేసినట్లుగా, వైద్యుని ఇష్టానికి తావులేకుండ రెండు వర్గాలు చేసిరి. ఒక వర్గానికి 6వ నెలలో, రెండవదానికి 12వ నెలలో అంగిలి కుట్టవలెనని నిర్ణయించిరి. మాట్లాడునపుడు అంగిలి ముక్కుదారిని చక్కగా మూయనిచో గాలి ముక్కులోనికి పోయి మాట చెడును. ఐదేండ్ల వయస్సున పరిశీలింపగా, ఇట్టి లోపం మొదటి వర్గంలో నూటికి 8.9 మందిలోను, రెండవదానిలో 15 మందిలోను కనబడినది.

ఇది మెచ్చదగిన పని. అయినను కొన్ని కొరతలున్నవి. 558 మందిలో 461 మంది ఫలితాలే ఈ లెక్కకు వచ్చినవి. పైదవడ ఎదుగుదల తేలుటకు ఐదేండ్లు చాలవు. శిశువులు ఐరోపా, దక్షిణ అమెరికా కేంద్రాలలో చికిత్స పొందినవారు. ఇతర జబ్బులు లేనివారు. రక్తహీనతతో, తక్కువ బరువుతో ఉన్న నంద్యాల బిడ్డకు ఆరవ నెలలోనే మత్తుమందిచ్చి అంగిలి కుట్టవచ్చునా? ఈ పరిశోధన అందుకు జవాబు చెప్పదు.

ఆ జవాబు ఇచ్చటి బిడ్డలనుండియే రావలెను. ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి సజీవ జననాలకు 1.09 చొప్పున పెదవి, అంగిలి చీలికలున్నట్లు 2010లో ప్రకటితమైన పరిశీలన తెలుపుచున్నది. కాబట్టి పరిశీలనకు బిడ్డలు కరవుకారు. శస్త్రచికిత్స అయిన ప్రతి బిడ్డను ఐదవ ఏట, పదవ ఏట, పదిహేనవ ఏట మరల పిలిపించి, మాటను, దవడను కొలిచి వ్రాయవలెను. చెడిన ఫలితాలను కూడ మంచివాటితో పాటు ప్రకటింపవలెను. అంతవరకు ఏ వైద్యుడైనను తన పద్ధతియే మేలన్నచో, దేనితో పోల్చి చూచితిరని తల్లిదండ్రులు అడుగుట న్యాయమే.