డబుల్ ఎల్లో

రైలింజను క్యాబ్‌లో ఇద్దరుంటారు, లోకో పైలట్, ఆయన అసిస్టెంటు. సిగ్నల్ కంటపడగానే ఒకరు దాని పేరూ రంగూ పైకి చెప్పాలి. రెండోవారు తామూ చూసి అదే మాట తిరిగి పలకాలి. "డిస్టెంట్, డబుల్ ఎల్లో." "డబుల్ ఎల్లో." ఇద్దరికీ కళ్లున్నాయి, ఇద్దరూ చూస్తున్నది ఒకే దీపాన్ని. అయినా నోరు విప్పాల్సిందే. రైల్వే జనరల్ రూల్స్‌లో ఉన్న నియమమిది. అర్ధరాత్రి, పట్టాలూ చీకటీ తప్ప ఇంకేమీ లేని చోట కూడా అంతే.

మా ఆయన ఈ ఉద్యోగం చేసే రిటైరయ్యారు. కంచరపాలెంలో అదేం పెద్ద విశేషం కాదు. పక్కనే మర్రిపాలెం లోకోషెడ్డు, కాస్త అవతల పోర్టుకి వెళ్లే గూడ్సు లైన్లు. ఏ వీధిలోకెళ్లినా రైల్వే వాళ్లు తగులుతారు. విశేషమల్లా ఆ అలవాటు ఇంట్లోకి రావడం. వంటింట్లో నేను గిన్నె కాస్త గట్టిగా దించానంటే హాల్లోంచి "డబుల్ ఎల్లో" అని వినిపిస్తుంది. వచ్చే సిగ్నల్ దగ్గర వేగం తగ్గించుకోడానికి సిద్ధంగా ఉండాలని దానర్థం. పెళ్లైన కొత్తలో ఆ మాట వింటే ఒళ్లు ఇంకా మండేది. ఇప్పుడు చూస్తే అందులో తెలివుందనిపిస్తోంది. గిన్నె చప్పుడు ఆయనకి అందింది. ఏమని అందిందో కూడా బయటపెట్టారు. తప్పుగా అందితే దిద్దే వీలు నాకుంది: "కోపమూ లేదు పాడూ లేదు, మూకుడు అంటుకుని చెయ్యి కాలింది."

మన ఇళ్లలో సాధారణంగా జరిగేది దీనికి తలకిందులు. చెప్పకుండా అర్థం చేసుకుంటేనే ప్రేమ, నోరు తెరిచి అడగాల్సొస్తే అదేం కాపురం అంటాం. అత్తగారి మౌనానికి కోడలు ఒక అర్థం చెప్పుకుంటుంది, కోడలి ముభావానికి అత్తగారు ఇంకో అర్థం తీస్తుంది. ఇద్దరూ ఎదుటిమనిషిని చదివేశామనే అనుకుంటారు. చదివింది ఒక్కసారి పైకి వినిపిస్తే సగం గొడవలు అక్కడే తేలిపోతాయని నా నమ్మకం.

వ్యక్తిత్వ వికాసం క్లాసులు చెప్పేవాళ్లు దీనికి ఒప్పుకోరు. మనిషి చెప్పేదాంట్లో మాటల వాటా 7 శాతమే, గొంతుది 38, ముఖానిది 55 అని తెర మీద బొమ్మ గీసి చూపిస్తారు. ఆ అంకెలు అమెరికాలో ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో అచ్చువేసిన ప్రయోగాల్లోవి. ఆ ప్రయోగాల్లో సంభాషణలేం లేవు. విడి మాటల్ని రకరకాల గొంతుల్లో వినిపించారు. ఒకదాంట్లోనైతే 'బహుశా' అనే ఒక్క మాటనే మూడు ధోరణుల్లో వినిపించి, దానితోపాటు ముఖాల ఫొటోలు చూపించి, ఆ మనిషికి ఇష్టమా అయిష్టమా అని అడిగారు. ఇష్టాయిష్టాల గురించి చెప్పేటప్పుడు తప్ప ఈ లెక్క వర్తించదని మెహ్రాబియనే చెప్పుకున్నాడు. మాటలు నిజంగా 7 శాతమే అయితే ఆ క్లాసుని మూగసైగలతో నడపొచ్చుగా! ఫీజెందుకు, మైకెందుకు?

జపాన్ రైల్వేల్లో నోటితోపాటు వేలు కూడా చాచి సిగ్నల్‌ని చూపిస్తారు. దాని మీద అక్కడి రైల్వే సాంకేతిక పరిశోధన సంస్థ 1994లో ఒక పరీక్ష పెట్టింది. మామూలుగా చేస్తే వంద పనుల్లో 2.38 తప్పులు దొర్లాయి. వేలు చూపి, పైకి పలికి చేసినప్పుడు అవి 0.38కి దిగాయి. చేతికీ నోటికీ పోటీ పెట్టి ఏది గొప్పని తేల్చడం కాదది, రెంటినీ ఒకే పనికి కట్టడం.

అలాగని సైగ తక్కువదేం కాదు. రైల్వే వాళ్ల చేతి సైగలు చూడండి. పచ్చజెండా కదలకుండా పట్టుకుంటే రమ్మని, మెల్లగా పైకీ కిందకీ ఊపితే జాగ్రత్తగా రమ్మని. జెండా లేకపోతే రెండు చేతులూ తలపైకెత్తితే ఆగమని. రాత్రిపూట చేతిలో ఎర్రదీపం లేదనుకోండి, తెల్లదీపాన్నే ఒంటికి అడ్డంగా గట్టిగా ఊపితే చాలు, బండి ఆపాల్సిందే. అప్పుడిక రంగుతో పని లేదు, ఊపులో ఉన్న కంగారే ఆజ్ఞ. బండి ఆగకుండా పోయే స్టేషన్లో కూడా పచ్చజెండాతో ఒక మనిషి నిలబడి ఉంటాడు. అంతా సవ్యంగా ఉందని అతను చూపాలి, బండిలోవాళ్లూ బదులు చూపాలి. అటునుంచి బదులు రాకపోతే ఇటువాళ్ల మనసు కీడు శంకిస్తుంది.

ఇంత పద్ధతి అన్ని చోట్లా పనికిరాదు. మా రైతుబజారు సంగతే తీసుకోండి. ధర బోర్డు మీద రాసి ఉంటుంది కనక బేరం లేదు. ఉన్నదల్లా కొసరు. దాన్ని నోటితో అడక్కూడదు. డబ్బులిచ్చేశాక సంచి మూతి మూయకుండా అలాగే పట్టుకుని, కొత్తిమీర వంక చూసీ చూడనట్టు చూస్తూ కాస్త నిలబడాలి. ఆవిడ చూస్తుంది, చూడనట్టు పక్కకి తిరుగుతుంది, ఆనక నాలుగు మిరపకాయలు సంచిలో పడతాయి. ఒకసారి మా ఆయన్ని వెంట తీసుకెళ్లాను. నేను సంచి పట్టుకు నిలబడగానే ఆయన డ్యూటీలో ఉన్నట్టు గట్టిగా, "ఇంకో నాలుగు మిరపకాయలు వెయ్యమంటోందమ్మా" అన్నారు. ఆవిడ నడుం మీద చెయ్యేసుకుంది. "ఏటి బాబూ, బోర్డు మీద రేటు కనబడ్నేదా?" మిరపకాయలూ లేవు, కరివేపాకు రెబ్బా లేదు.

వెంకటేశ్ మహా తీసిన 'కేరాఫ్ కంచరపాలెం' 2018 సెప్టెంబరు 7న వచ్చినప్పుడు మా ఊరంతా ఎగబడి చూసింది. నటించినవాళ్లలో చాలామంది ఇక్కడివాళ్లే. నడుం మీద ఆ చెయ్యి, మాట మధ్యలో ఆ తల విసురు ఎవరూ నేర్పితే వచ్చేవి కావు. షూటింగులో పలికిన మాటనే అక్కడికక్కడ పట్టుకున్నారు కాబట్టి నోరొకటీ ఒళ్లొకటీ అనిపించదు. తర్వాత స్టూడియోలో అతికించిన గొంతుకి ఆ బిగువు రాదు. అందులో మద్యం దుకాణంలో పనిచేసే గడ్డం, ముఖం కప్పుకుని వచ్చే సలీమా కళ్లు మాత్రమే చూసి మనసిచ్చేస్తాడు. థియేటర్లో అందరూ ఈలలేశారు, నేనూ మురిసిపోయాను. కానీ ఆమె ఎలా బతుకుతోందో ఆ కళ్లలో రాసి లేదు. కళ్లు మనిషిని దుకాణం గుమ్మం దాకా తెస్తాయి. అక్కణ్నుంచి మాటే నడిపించాలి.

పోర్టులో క్రేను దగ్గర పనిచేసిన మా మరిది ఇంకో నియమం చెబుతుంటాడు. బరువు లేపమన్నా దించమన్నా క్రేను ఆపరేటరు ఒక్క సిగ్నల్‌మన్ చెయ్యే చూస్తాడు, ఇంకెవరు చెయ్యూపినా పట్టించుకోడు. ఆపమన్న సైగ మాత్రం ఎవరిచ్చినా ఆపాలి, ఊడ్చేవాడిచ్చినా సరే. ఈ నియమాన్ని మేం ఇంట్లో పెట్టుకున్నాం. మాటలు ముదిరితే ఎవరైనా సరే రెండు చేతులూ పైకెత్తొచ్చు. దీన్ని ఎక్కువగా వాడుకునేది మా మనవరాలు. మొన్న భోజనాల దగ్గర తాతగారు కిరండూల్ లైన్ కథ మళ్లీ మొదలెట్టారు. అందరికీ కంఠతా వచ్చిన కథే. పిల్ల రెండు చేతులూ ఎత్తింది. ఆయన మాట మధ్యలోనే ఆగి, "స్టాప్" అని పైకి చెప్పి, ఊరుకున్నారు. అది చేతులు దించలేదు. నియమం నియమమేనని ఆయనా నోరు విప్పలేదు. పప్పు చల్లారిపోతోందని చివరికి నేనే తువ్వాలు ఊపాల్సొచ్చింది. అది ఎర్ర తువ్వాలు. చెల్లదన్నారు ఇద్దరూ.